వాకిట్లో మూడు రకాల నేల, అయిదారు రకాల మరకలు: ఏది దేనితో పోతుంది?

వాకిలి_తిరుచానూరు
తిరుచానూరు వైపు ఇల్లు. గేటు నుంచి బండి నిలిపే చోటు దాకా ఎరుపు, బూడిద రంగు పేవర్ బ్లాకులు. అక్కణ్ణించి మెట్ల దాకా కడప నల్ల బండ. మెట్లు, గడప ముందు భాగం పాలిష్ గ్రానైట్.
మరకలు ఇవీ. గేటు చక్రం తిరిగే చోట, బండల మీద పూలకుండీల ఇనప స్టాండు కింద తుప్పు. బైకు కింద పాత ఇంజన్ ఆయిల్. కొళాయి దగ్గర పాచి, దాని పక్కనే తెల్లటి పొర. నేరేడు చెట్టు కింద ఊదా మచ్చలు. గడప దగ్గర దీపాల నూనె, పసుపు.
హార్డ్‌వేర్ షాపులో ఎవర్నడిగినా ఒకటే మాట, యాసిడ్ పోసి రుద్దండి అని. అన్నిటికీ అది పనికొస్తుందా?

బండల_మేస్త్రి
ఆ యాసిడ్ సీసా ముందు పక్కన పెట్టండన్నా. మీ మూడు నేలల్లో దాన్ని కాస్తో కూస్తో తట్టుకునేది గ్రానైట్ ఒక్కటే.
కడప బండ నాపరాయి, అంటే సున్నపురాయి జాతే. యాసిడ్ పడగానే నురగొచ్చి పైపొర కరిగిపోతుంది. నలుపు పోయి బూడిద మచ్చ మిగులుతుంది. అక్కడ మరక పడలేదు, రాయే పోయింది. కాబట్టి ఏ మందు పూసినా తిరిగి రాదు, అరగదీయాల్సిందే.
పేవర్ బ్లాకు సిమెంటు సరుకు. యాసిడ్ దాని పై సిమెంటు పొరను తినేసి లోపలి ఇసుకని, చిప్స్‌ని బయటికి తెస్తుంది. మొదటి రోజు తళతళలాడుతుంది. తర్వాత ఆ గరుకులో మట్టి, పాచి ఇంకా తొందరగా పట్టుకుంటాయి.
ఏ రాయో అనుమానముంటే, కనపడని మూలన నిమ్మరసం నాలుగు చుక్కలు వేసి అయిదు నిమిషాలాగి తుడవండి. సన్నగా బుడగలొచ్చినా, తుడిచాక మెరుపు తగ్గినా అది సున్నపురాయి. గ్రానైట్‌కి ఏమీ కాదు.

చిత్తూరు_గ్రానైట్
మేస్త్రి గారి మాటకి చిన్న సవరణ. గ్రానైట్ తట్టుకుంటుంది అన్నారని దాని మీదా ధైర్యంగా పోయొద్దు. లేత రంగు గ్రానైట్లలో ఇనుము ఉండే ఖనిజాలుంటాయి. షాపులో ఇచ్చే ఆ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్, వాటిని కదిలిస్తే నాలుగు రోజుల తర్వాత పసుపు మచ్చలు లేస్తాయి. మెట్ల మధ్య సందుల్లోని సిమెంటు కూడా పోతుంది, నీళ్లు అడుగుకి దిగుతాయి.
ఇంకోటి. తుప్పు తీసే కొన్ని ద్రావణాల్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. డబ్బా మీద ఫ్లోరైడ్ అన్న మాట కనపడితే కొనకండి. గ్రానైట్ పాలిష్‌ని అది మాత్రం ఖాయంగా చంపుతుంది. చేతికి తగిలితే మొదట మంట కూడా తెలియకుండా లోపలికి దిగుతుంది.

రసాయనం_చెప్తా
తుప్పు సంగతి ముందు చూద్దాం, ఎక్కువ మంది పాడు చేసుకునేది అక్కడే.
మొదటి మాట: తుప్పు మీద బ్లీచింగ్ వేయొద్దు. బ్లీచింగ్ ఇనుముని ఇంకా తుప్పు పట్టిస్తుంది తప్ప మరకను తీయదు. వైర్ బ్రష్ కూడా వద్దు. దాని తీగ ముక్కలు సందుల్లో ఇరుక్కుని కొత్త తుప్పు చుక్కలు పెడతాయి. నైలాన్ బ్రష్ గానీ కొబ్బరి పీచు గానీ చాలు.

గ్రానైట్, బూడిద పేవర్ల మీద ఆక్జాలిక్ యాసిడ్ పొడి. లీటరు గోరువెచ్చని నీళ్లకి 100 గ్రాములు. ఆ నీళ్లు మాత్రం బోరువి వద్దు. మన వైపు బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ, ఆక్జాలిక్ దానితో కలిసి కరగని తెల్ల పొడిగా మారుతుంది. సగం మందు అక్కడే ఖర్చయి, నేల మీద తెల్ల మసక మిగులుతుంది. ఆర్‌ఓ నీళ్లో వాన నీళ్లో వాడండి. నేలను ముందు తడిపి, పోసి, 15 నిమిషాలు ఆరకుండా చూసి, రుద్ది కడగాలి. ఒకేసారి గాఢంగా వేసే బదులు పలచగా రెండుసార్లు వేయడం మేలు.

ఎర్ర పేవర్ల దగ్గర జాగ్రత్త. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్ రంగు, అంటే రసాయనపరంగా అదీ తుప్పు లాంటిదే. తుప్పుని తీసే మందు ఆ రంగునీ కాస్త లాగుతుంది. లీటరుకి 30 గ్రాములతో మొదలుపెట్టి ఒక్క బ్లాకు మీద చూసుకోండి.

కడప బండ మీద ఆక్జాలిక్ వద్దు, నిమ్మ ఉప్పు వద్దు, చింతపండు అసలే వద్దు. అది పట్టు పెట్టాల్సిన మరక, అంటే మందు కలిపిన ముద్దని మరక మీద మెత్తి, ఎండాక గీకాలి. సోడియం సిట్రేట్ ఒక వంతు, గోరువెచ్చని నీళ్లు ఆరు వంతులు, గ్లిజరిన్ ఏడు వంతులు కలిపి, అందులో సుద్దపొడి వేస్తూ బజ్జీల పిండి కంటే గట్టిగా చేయండి. మరక దాటి నాలుగు వైపులా అంగుళం వచ్చేట్టు, అర సెంటీమీటరు మందాన మెత్తి, పాలిథిన్ కప్పి అంచులకి టేపు వేయండి. రెండు రోజులాగి పాలిథిన్ తీసి, ఎండనిచ్చి, ప్లాస్టిక్ గరిటెతో గీకెయ్యాలి. నెమ్మదైన పద్ధతి, రెండు మూడుసార్లు పడుతుంది. రాయికి మాత్రం దెబ్బ తగలదు.

ఆక్జాలిక్ విషం. గ్లవ్స్, కళ్లద్దాలు ఉండాలి. కడిగిన నీళ్లు కుండీల్లోకి, ఆవులు తాగే తొట్టి వైపుకి పోకూడదు.

పలమనేరు_టమాటా
చింతపండుతో ఇత్తడి తోముతాం కదా, బండకి ఏమవుతుంది సార్?

రసాయనం_చెప్తా
ఇత్తడి చెంబుకి పులుపు మంచిదే. నాపరాయికి కాదు. పైగా చింతపండు గుజ్జు గోధుమ రంగు మరకను తనే పెడుతుంది. ఉన్న మరకకి ఇంకోటి తోడు.

వాకిలి_తిరుచానూరు
కడప బండ మీద తుప్పు వలయంలా కాకుండా పలచగా నారింజ రంగు పరుచుకుని ఉంది సార్, కొళాయి నుంచి మెట్ల దాకా. అది కూడా స్టాండు వల్లేనా?

బోరు_రేణిగుంట
అది నీళ్ల మరక. ఇనప వస్తువు కింద తుప్పు గుండ్రంగానో, ఆ వస్తువు అంచు ఆకారంలోనో ఉంటుంది, అంచు ముదురుగా ఉంటుంది. బోరు నీళ్లలో ఇనుముంటే రంగు నీళ్లు పారిన దారంతా సమానంగా పరుచుకుంటుంది. గాజు గ్లాసులో పట్టి మూత లేకుండా రాత్రంతా పెట్టండి. పట్టినప్పుడు తేటగా ఉండి, తెల్లారేసరికి పసుపు తిరిగినా, అడుగున గోధుమ రంగు మడ్డి దిగినా అనుమానం అక్కర్లేదు. ఆ నీళ్లతోనే వాకిలి కడుగుతూ ఉంటే ఎన్ని పట్లు వేసినా మళ్లీ వస్తుంది. వాకిలికి మునిసిపల్ కొళాయి నీళ్లన్నా వాడాలి, లేదా తొట్టిలో పట్టి ఒక రాత్రి పేరనిచ్చి పైన తేట మాత్రం తోడుకోవాలి.
స్టాండు కాళ్లకి రబ్బరు బుడిపెలు తగిలించండి. గేటు చక్రం పట్టాకి తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద ఎనామిల్. పట్టా కింద నీళ్లు నిలవకుండా చూడండి.

పేవర్_పని
ఇంజన్ ఆయిల్ గురించి. అప్పుడే కారిన ఆయిల్‌ని తుడవొద్దు, తుడిస్తే పక్క బ్లాకులకి పాకుతుంది. మీద రంపపు పొట్టో, పొడి సిమెంటో, ముగ్గుపిండో గుట్టగా పోసి కాలితో తొక్కకుండా కొన్ని గంటలు వదిలేయండి. బియ్యప్పిండి ముగ్గు కాదు, రాతి ముగ్గుపిండి. తర్వాత పొడిగానే ఊడ్చి తీసేయాలి.
మీది పాతది కాబట్టి లోపలికి ఇంకి ఉంటుంది. లీటరు వేడి నీళ్లకి చాకలి సోడా 150 గ్రాములు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు. పోసి అరగంట, గట్టి బ్రష్‌తో రుద్ది కడగండి. మిగిలిన నీడకి పట్టు: ముల్తానీ మట్టిని మినరల్ టర్పెంటైన్‌తో గట్టి ముద్దగా కలిపి, ఒక సెంటీమీటరు మందాన మెత్తి, పాలిథిన్ కప్పి ఒక రోజు. తర్వాత పాలిథిన్ తీసి ఇంకో రోజు ఎండనివ్వాలి. ఈ రెండో రోజు ముఖ్యం. ముద్ద ఎండేటప్పుడే లోపలి నూనెని పైకి పీలుస్తుంది. తడిగా ఉండగానే గీకేస్తే పట్టు వేసిన ఫలితమే లేదు.
కిరోసిన్ పోసి రుద్దేవాళ్లున్నారు. మరక పలచబడినట్టు కనిపిస్తుంది, నిజానికి వెడల్పై లోపలికి దిగుతుంది. టర్పెంటైన్ పట్టు ఉన్నన్నాళ్లూ అక్కడ బండి స్టార్ట్ చేయొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు.

రసాయనం_చెప్తా
ముల్తానీ మట్టి నూనెకే బాగు. యాసిడ్‌తో వేసే పట్టులో దాన్ని కలపకండి. మట్టిలోనే ఇనుముంటుంది, యాసిడ్ దాన్ని కరిగించి రాయికి ఎక్కిస్తుంది. గ్రానైట్ మీద ఆక్జాలిక్ పట్టు కావాలంటే తెల్ల టిష్యూ కాగితం ముద్ద గానీ చైనా క్లే అనే తెల్ల మట్టి పొడి గానీ. సుద్దపొడి కూడా కుదరదు, యాసిడ్‌ని అదే తినేస్తుంది.

మిద్దెతోట_అక్క
పాచికి నేను చెప్తాను. తిరుపతిలో నైరుతి కన్నా ఈశాన్య వానలే గట్టివి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాకిలి ఆరదు. ఎండలో నల్లగా చచ్చినట్టున్న పాచి అప్పుడు పచ్చగా లేస్తుంది.
బ్లీచింగ్ పౌడర్ 250 గ్రాములు 10 లీటర్ల నీళ్లలో ప్లాస్టిక్ బకెట్లో కలిపి అరగంట పేరనివ్వండి. పైన తేట నీళ్లు మాత్రమే వాడాలి. అడుగున దిగేది సున్నం, దాన్నీ పోస్తే బండ మీద తెల్లగా గడుతుంది. సాయంత్రం ఎండ పోయాక చల్లండి. ఎండలో క్లోరిన్ తొందరగా విరిగిపోతుంది, మందు ఆరిపోతుంది. 20 నిమిషాలు తడిగా ఉంచి, రుద్ది, బాగా కడగండి. పౌడర్ పాతబడి ఘాటు లేకపోతే ఎంత వేసినా దండగ.
పక్కన తులసికోట ఉంటే ముందు మొక్కల్ని, మట్టిని మంచినీళ్లతో తడిపి, ఆకుల మీద సంచి కప్పండి. గేటుకి తగిలితే వెంటనే కడగండి.

కొత్తగా_చంద్రగిరి
బ్లీచింగ్ వేశాక తెల్ల పొరకి బాత్రూం యాసిడ్ కూడా అప్పుడే వేస్తే ఒకేసారి పని అయిపోతుంది కదా?

రసాయనం_చెప్తా
వద్దు. బ్లీచింగ్‌కి ఏ యాసిడ్ తగిలినా క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. ఆరుబయటైనా వంగి రుద్దే మనిషి ముక్కు దగ్గరే ఉంటుంది. బాత్రూం యాసిడ్, ఆక్జాలిక్, నిమ్మ ఉప్పు, వెనిగర్, ఏదైనా అంతే. ఒక మందు పూర్తిగా కడిగి, నేల ఆరి, మర్నాడు రెండోది. రెంటికీ ఒకే బకెట్ కూడా వద్దు.

బండల_మేస్త్రి
ఆ తెల్ల పొర రెండు రకాలన్నా. చేత్తో రాస్తే పొడిగా చేతికంటితే అది లోపలి నుంచి వచ్చే ఉప్పు. సిమెంటులోని సున్నం తేమతో పైకొచ్చి గాలి తగిలి తెల్లబడుతుంది. దాన్ని పొడిగానే పరకతో ఊడ్చి చెత్తలో వేయాలి. నీళ్లు పోస్తే కరిగి మళ్లీ లోపలికే పోతుంది, ఎండ రాగానే మళ్లీ పైకి. కొత్త పేవర్లకి ఏడాది రెండేళ్లలో తానే తగ్గుతుంది. తగ్గకపోతే అడుగున తేమ ఎక్కడిదో వెతకాలి.
గోరుతో గీకినా రాకుండా గట్టిగా ఉంటే అది బోరు నీళ్ల సున్నం. ఇంట్లో ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లతో వాకిలి కడిగే వాళ్లకి ఇది ఇంకా ఎక్కువ, ఆ నీళ్లలో ఉప్పు చిక్కబడి ఉంటుంది. పేవర్ మీద సల్ఫామిక్ యాసిడ్ పొడి, లీటరుకి 50 గ్రాములు. నేలను ముందు బాగా తడపాలి, లేకపోతే మందు లోపలికి ఇంకుతుంది. నురగ ఆగగానే కడిగేయండి. కడప బండ మీద మాత్రం పుట్టీ బ్లేడుని పలచగా ఆన్చి గీకి, 400 నంబరు వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, తడిగా రుద్దడమే. వేరే దారి లేదు.

నేరేడు_పుత్తూరు
నేరేడు మచ్చకి సబ్బు, సోడా వాడొద్దు, నీలంగా మారి కూర్చుంటుంది. పండు పడిన రోజే ఉత్త నీళ్లతో కడిగితే చాలావరకు పోతుంది. పాత మచ్చకి మెడికల్ షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. టిష్యూ తడిపి పరిచి, పాలిథిన్ కప్పి మూడు నాలుగు గంటలు. లేత గ్రానైట్, పేవర్ల మీద ధైర్యంగా వేయొచ్చు. నల్ల బండ మీద ఒక మూల చూసుకుని వేయండి, మచ్చతోపాటు రంగూ తేలిపోయే ప్రమాదముంది.
బాదం ఆకులు తడిసి పెట్టే గోధుమ మచ్చకీ ఇదే వైద్యం. మామిడి సొన మాత్రం వేరు, అది జిగురు. ఎండిపోయాక థిన్నర్ తడిపిన గుడ్డతోనే వస్తుంది.

వాకిలి_తిరుచానూరు
గడప దగ్గర పసుపు, నూనె మిగిలాయి. అవి ప్రతి శుక్రవారం పడేవే.

మిద్దెతోట_అక్క
పసుపుని సర్ఫ్‌తో తోమొద్దమ్మా. క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ముందు పొడి గుడ్డతో తుడిచి, మంచినీళ్లతో కడిగి ఎండకి వదిలేయండి. పసుపు రంగుకి ఎండ పడదు, రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది. ఎండ తగలని మూలలో అయితే పెరాక్సైడ్. ఇప్పటి కుంకుమల్లో చాలావాటికి కృత్రిమ రంగులే, అవి పెరాక్సైడ్‌కి లొంగొచ్చు, లొంగకపోవచ్చు.
దీపం నూనె వారం లోపుదైతే వేడి నీళ్లు, చాకలి సోడా. కార్తీకంలో పడి అలాగే వదిలేసింది గాలికి గట్టిపడి వార్నిష్‌లా అవుతుంది, అప్పుడు పైన చెప్పిన టర్పెంటైన్ పట్టే. ప్రమిద కింద చిన్న ఇత్తడి పళ్లెం పెడితే ఈ గొడవే లేదు.
సంక్రాంతి రంగుల ముగ్గు కూడా ముందు పొడిగా ఊడ్చాకే నీళ్లు. రంగులు నీళ్లతో కలిస్తే పేవర్ల సందుల్లోకి దిగి ఉగాది దాకా ఉంటాయి.

పలమనేరు_టమాటా
భోగి మంట మచ్చ?

బండల_మేస్త్రి
మసి అయితే సోడా నీళ్లతో పోతుంది. నాపరాయి మీద నేరుగా మంట వేస్తే మసితో ఆగదు. లోపలి తేమ ఆవిరై బండ పెచ్చులు లేస్తుంది, దానికి మందు లేదు. మూడంగుళాల ఇసుక పరిచి దాని మీద వేసుకోండి.

అద్దె_ఇల్లు_చిత్తూరు
మా వాకిట్లో కడప బండ మీద సున్నం కొట్టినవాళ్లు యాసిడ్‌తో కడిగి వెళ్లారు. చినుకులు పడినట్టు తెల్ల మచ్చలు. ఇంజన్ ఆయిల్ పూస్తే నల్లబడుతుందని ఒకాయన అంటున్నారు.

బండల_మేస్త్రి
ఇంజన్ ఆయిల్ పూస్తే వారం రోజులు నల్లగా ఉంటుంది, తర్వాత వాకిట్లో దుమ్మంతా అక్కడే అంటుకుంటుంది. వానకి జారి పడతారు కూడా. మచ్చలు పైపైనే ఉంటే వాటర్ పేపర్ 220, 400, 600, 800 వరసగా, నీళ్లు చల్లుతూ చెక్క ముక్కకి చుట్టి రుద్దండి. ఒక నంబరు గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి నంబరు. మచ్చ ఒక్కదాన్నే రుద్దితే అక్కడ గుంట కనపడుతుంది, బండ మొత్తం రుద్దాలి. నాలుగైదు బండలు దాటితే చేతులు నొప్పెట్టుకోకండి, పాలిష్ మిషన్ పిలిపించండి.

పేవర్_పని
ప్రెషర్ వాషర్ వాడేవాళ్లకి ఒక మాట. పేవర్లకి 100 నుంచి 120 బార్ చాలు. విసనకర్రలా విచ్చుకునే నాజిల్, నేలకి ఒక అడుగు దూరం, ఏటవాలుగా. సూది ధార పెడితే బ్లాకు మీద గీతలు పడతాయి, సందుల్లో ఇసుక ఎగిరిపోతుంది. ఇసుక పోతే బ్లాకులు కదిలి, బండి తిరిగే చోట అంచులు విరుగుతాయి. కడిగాక పూర్తిగా ఆరనిచ్చి, సన్న జల్లెడ పట్టిన పొడి క్రషర్ డస్ట్ చల్లి పరకతో అడ్డంగా ఊడ్చి సందులు నింపండి. డస్ట్ తడిగా ఉంటే పైనే ఆగిపోతుంది.

వాకిలి_తిరుచానూరు
అన్నీ శుభ్రమయ్యాక, నీళ్లు లోపలికి దిగకుండా పూసే సీలర్ కొట్టించాలా? మెరిసేది, మెరవనిది అని రెండు చూపించారు.

చిత్తూరు_గ్రానైట్
మెరిసేది పైన పూసే లక్క లాంటిది. మన ఎండలకి పసుపు తిరిగి పెచ్చులూడుతుంది. అడుగు తేమ బయటికి రాలేక దాని కింద తెల్లగా మసకేస్తుంది. తీసి మళ్లీ కొట్టడం మొదటిసారి కంటే పెద్ద పని. ఆరుబయట లోపలికి ఇంకే రకమే, సిలేన్ సిలోక్సేన్ అని రాసుంటుంది. రంగు మారదు, నీళ్లు మాత్రం లోపలికి పోవు.
మీ గ్రానైట్ మెట్లకి అవసరమో కాదో ముందు చూసుకోండి. నాలుగు నీటి చుక్కలు వేసి పావుగంట తర్వాత తుడిస్తే కింద ముదురు మచ్చ లేకపోతే డబ్బులు దండగ. పేవర్లకి, కడప బండలకి కొట్టించండి.
వానలు పూర్తిగా వెళ్లాక, సంక్రాంతి దాటి, నేల మూడు రోజులు ఎండాక, పొద్దున్నే. కాలే రాయి మీద పూస్తే ఇంకకముందే ఆరి చారలు పడతాయి. పూసిన పది నిమిషాలకి పైన మిగిలింది గుడ్డతో తుడిచేయాలి.

బోరు_రేణిగుంట
సీలర్ కంటే ముందు కొళాయి దగ్గర వాలు చూడండి. పది అడుగులకి అంగుళంన్నర పల్లం ఉండాలి, కాలువ వైపు. అక్కడ రెండు మూడు బండలు దిగబడి నీళ్లు నిలుస్తున్నట్టుంది, పాచి, తెల్ల పొర ఒకేచోట ఉన్నాయంటే అంతే. బండ లేపి కింద డస్ట్ వేసి కుదించి మళ్లీ వేయించండి. ఏసీ నీళ్ల గొట్టం, ట్యాంకు పొంగే గొట్టం కూడా అటే వదిలారా?

వాకిలి_తిరుచానూరు
ఏసీ గొట్టం అక్కడే ఉంది. ముందు దాన్ని కాలువలోకి తిప్పిస్తాను, బండలు లేపేటప్పుడు వాలు కొలుస్తాను. ఆక్జాలిక్ పొడి తిరుపతిలో ఎక్కడడగాలి?

రసాయనం_చెప్తా
స్కూళ్లకి, కాలేజీలకి ల్యాబ్ సామాన్లు అమ్మే కొట్లలో, లేదా మార్బుల్ పాలిష్ సామాన్లు అమ్మే చోట. మామూలు టెక్నికల్ గ్రేడ్ చాలు, అరకిలో తీసుకోండి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, పంచదారలా ఉంటుంది కాబట్టి వంటింటి దరిదాపుల్లో పెట్టకండి.